డాట్ సెనేటుకు నిలబడిన ఏడాది

ఉదయం ఏడూ యాభైకి డాట్ నా కారు ఆపింది.

అందులో విశేషమేమీ లేదు. ఆ వేళకి ఆవిడ అందరి కార్లూ ఆపేది. భుజాన నారింజ రంగు పట్టీ, చేతిలో 'స్టాప్' అని రాసిన గుండ్రటి పలక. నాలుగు వరసల హైవే మధ్యలో నిలబడి బడిపిల్లల్ని దాటించడం ఆవిడ ఉద్యోగం. నాకు లైసెన్సు వచ్చి వారమైంది. నా కారు ముందుచక్రాలు తెల్లగీత దాటి ఆగాయి. పిల్లలందరూ దాటాక ఆవిడ నా కిటికీ దగ్గరికి వచ్చి అద్దం దించమని సైగ చేసింది.

"హనీ, ఆ గీత ఎందుకు గీశారో తెలుసా?"

"ఆగడానికి."

"మరి దానిమీదెక్కి కూర్చున్నావేం?"

కారు వెనక్కి తీశాను. వెనకున్నవాడు హారన్ కొట్టాడు. డాట్ పలక ఎత్తి అతనివైపు చూసింది. హారన్ ఆగిపోయింది. న్యూజెర్సీలో రాజకీయాధికారం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ తరవాత పాతికేళ్లకు పైగా ఆ రాష్ట్రంలోనే ఎన్నికల ప్రచారాల్లో పనిచేశాను. నా ఉద్యోగానికి ఎప్పుడూ ఏదో ఒక కొత్త పేరు పెట్టేవారు. పని మాత్రం ఒకటే, తలుపు తట్టడం. డాట్ ఈ మార్చిలో పోయింది. మన పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. "ఆంటీ, అప్పట్లో క్యాంపెయిన్ జాబ్ ఎలా ఉండేది? రాయండి, ఇంగ్లీష్‌లో అయితే బెటర్" అన్నారు. పోయినవాళ్ల గురించి తెలుగులో తప్ప రాయలేను. చదవడం రానివాళ్ల ఇళ్లలో ఆరునెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మలుంటారు. చదివి పెట్టమనండి, వాళ్లకీ కాలక్షేపం.

మూడు ఫోటోలు

మా ఊరు ఎడిసన్‌కి పక్కది. పేరు అక్కర్లేదు. హైవేకి ఒకవైపు అపార్టుమెంట్లు, రెండోవైపు బడి. అక్కడ సిగ్నల్ లైటు లేదు. ఆ రోడ్డు రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి ఊళ్లోవాళ్లు లైటు పెట్టడానికి వీల్లేదు, రాష్ట్రమే పెట్టాలి. రాష్ట్రంతో పెట్టించవలసినవాడు మా స్టేట్ సెనేటర్ బిల్ మెక్‌గ్రాడీ.

మెక్‌గ్రాడీ చెడ్డవాడు కాదు. ఇది మొదటే చెప్పాలి. ఎదుటివాడు చెడ్డవాడనుకుని ప్రచారం మొదలుపెట్టినవాళ్లు సగం దారిలో ఆయాసపడతారు. ఆయన అందరి పేర్లూ గుర్తుపెట్టుకునేవాడు, అందరి పెళ్లిళ్లకూ వెళ్లేవాడు. ప్రతి ఎన్నికకూ ముందు ఆ కూడలికి వచ్చి, డాట్ పక్కన నిలబడి, లైటు రావలసిన చోటుకేసి వేలు చూపిస్తూ ఫోటో దిగేవాడు. అలా మూడు ఎన్నికలకు మూడు ఫోటోలు. మూడింట్లోనూ వేలు అటే ఉంది. సెనేటర్ ఒక్కడే లావెక్కాడు.

నాలుగోసారి ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు డాట్ అడిగింది. "బిల్, లైటెప్పుడు?"

ఆయన నవ్వాడు. "లైటొచ్చేస్తే నాతో ఫోటో ఎవరు దిగుతారు, డాట్?"

పక్కనున్నవాళ్లూ నవ్వారు. డాట్ కూడా నవ్విందట. ఆ మధ్యాహ్నమే నేను పార్ట్‌టైమ్ పనిచేస్తున్న ఊరి లైబ్రరీకి వచ్చింది.

"సెనేటుకు నిలబడాలంటే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం ఉందా?"

"ఎవరు నిలబడతారు?"

"నేను." నన్ను ఓసారి తేరిపార చూసింది. "గీతమీద కూర్చున్న పిల్లవి నువ్వే కదూ?"

నిబంధనల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఇద్దరం కలిసి చదివాం. చదవడం అయ్యాక అడిగింది.

"సాయంత్రాలు ఏం చేస్తుంటావు?"

"వంట."

"ఆ తరవాత?"

"చదువుకుంటాను."

"జూన్ దాకా చదువు ఆపు" అంది.

ఇక్కడి ఎన్నికల సంగతి తెలియని అమ్మమ్మల కోసం ఒక మాట. నవంబరు ఎన్నిక పార్టీకీ పార్టీకీ మధ్య జరుగుతుంది. జూన్‌లో జరిగే ప్రైమరీ ఇంటిపోరు. ఒకే పార్టీవాళ్లు తమలో తాము తేల్చుకుంటారు. పదవిలో ఉన్న మనిషి మీద నిలబడిన సొంత పార్టీవాణ్ణి అప్పట్లో పెళ్లిలో అలిగి వెళ్లిపోయినవాణ్ణి చూసినట్టు చూసేవారు. డాట్ ఇరవయ్యేళ్లుగా ఆ పార్టీ మీటింగులకు కాఫీ కాచిన మనిషి. నామినేషన్ వేసిన వారంలో ఆవిడ వీధిలో పార్టీవాళ్లు పలకరించడం మానేశారు. కాఫీ ఎవరు కాయాలో తేలక రెండు మీటింగులు త్వరగా ముగిశాయని కూడా విన్నాం.

ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆ కూడలిలో లైటు. సెనేటు గురించి పెద్ద ఆసక్తి లేదు. సెనేటు నడిచేది రాజధాని ట్రెంటన్‌లో. "అక్కడ పార్కింగ్ దొరకదట" అనేది.

ఆర్నీ

నా మొదటి బాస్ ఆర్నీ. ప్రెస్సులో అచ్చుపని చేసి రిటైరైనవాడు. డాట్ ప్రచారం నడపడానికి ఒప్పుకున్న ఏకైక వ్యక్తి. అంతకుముందు చాలా ఎన్నికలు నడిపాడు, ఒక్కటీ గెలవలేదు. అందుకు ఏమాత్రం సిగ్గుపడేవాడు కాదు. "గెలిచినవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. ఎందుకు గెలిచారో వాళ్లకే తెలీదు" అనేవాడు. అప్పుడు ఓడినవాడి సమర్థింపనుకున్నాను. తరవాత చాలామంది విజేతల దగ్గర పనిచేశాక ఆర్నీ అన్నది నిజమేనని తెలిసింది.

ఆఫీసుకు చవగ్గా దొరికింది మూతపడిన చెప్పుల రిపేరు కొట్టు. లోపల ఎప్పుడూ పాలిష్ వాసన. కొట్టు మూసేశారని తెలియక జనం ఇంకా జోళ్లు పట్టుకొచ్చేవారు. మొదటిరోజు ఒకాయన మడమ ఊడిన బూటు బల్లమీద పెడితే, "ఇది ఇప్పుడు ఎన్నికల ఆఫీసండీ" అని నేను తిప్పి పంపబోయాను. ఆర్నీ పరుగెత్తుకొచ్చి బూటు అందుకున్నాడు.

"శనివారం రండి సర్. ఈలోగా ఈ కాగితం చదవండి."

ఆయన వెళ్లాక అడిగాను. "మనం ఎలా కుడతాం?"

"పక్క ఊళ్లో కుట్టేవాడున్నాడు. మనిషిని ఒక్కసారి కలిస్తే ఓటు రాదమ్మాయ్. రెండోసారి రావాలి. ఇతగాడు తప్పకుండా వస్తాడు, బూటు మనదగ్గరుంది."

ఆ జూన్ దాకా మా ఊళ్లో చాలామంది మడమలు మా వల్లే బాగుపడ్డాయి. ఈ వృత్తిలో నేను చూసిన ఉపాయాల్లో అంత నిజాయితీగలది ఇంకోటి లేదు.

మనవాళ్ల తలుపులు

తలుపు తట్టడానికి ఆర్నీ చెప్పిన సూత్రాలు మూడే. ఒక్క ప్రశ్న అడుగు. తరవాత నోరు మూసుకుని విను. ఏమీ తినకు.

మూడోదాని దగ్గర చిక్కొచ్చింది. అపార్టుమెంట్లలో మన కుటుంబాలు అప్పుడప్పుడే చేరుతున్నాయి. ఆ బ్లాకులు నాకప్పగించారు. మొదటి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆర్నీ ఎదురు చూస్తున్నాడు.

"ఎన్ని తలుపులు?"

"మూడు."

"మూడు వందలా? భేష్!"

"మూడు."

ఆర్నీ కుర్చీలో కూర్చున్నాడు. "మూడు తలుపులకి నాలుగు గంటలా? లోపల ఏం చేశావు?"

మొదటి ఇంట్లో కాఫీ. రెండో ఇంట్లో కాఫీ తాగొచ్చానంటే పెసరట్టు. మూడో ఇంట్లో పెసరట్టు తిన్నానంటే "వాళ్లింట్లో తిని మా ఇంట్లో తినరా?" అని భోజనం. ముగ్గురూ డాట్‌కి తప్పకుండా ఓటు వేస్తామన్నారు. ముగ్గురి పక్కనా ఖాయం అని రాసుకున్నాను. ముగ్గురివీ గ్రీన్‌కార్డులే, సిటిజెన్‌షిప్ లేదు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. కాని ఇంటికొచ్చిన ఆడపిల్లకి కాదని ఎలా చెప్తారు?

మర్నాటి నుంచి గుమ్మంలోనే "మీకు ఓటుందా?" అని అడగడం మొదలుపెట్టాను. మర్యాద కాదు. కాని మర్యాదగా ఉన్నంతకాలం మూడు తలుపులే.

ఓటున్న మొదటి ఇల్లు సుబ్బారావుగారిది. ఆయన ఇంజనీరు, ఒంగోలువైపు మనిషి. నన్ను చెల్లెమ్మా అనేవారు.

"ఏం చెల్లెమ్మా, ఈ డాట్ అనే ఆవిడ లాయరా?"

"కాదన్నయ్యగారూ."

"డాక్టరా?"

"పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది."

"అది కాకుండా?"

"అంతే."

"సెనేట్‌కా?" అని లోపలికి తిరిగి, "రాజ్యం, విన్నావా? క్రాసింగ్ గార్డ్‌ట, సెనేట్‌కట!" అన్నారు. నావైపు తిరిగారు. "గెలిచేవాళ్లకి వెయ్యాలమ్మా. ఓటు వేస్ట్ చేసుకోకూడదు. పైగా ప్రైమరీలో ఏ పార్టీయో పైకి చెప్పాలిట కదా, అందరిముందూ? రేపు ఆఫీస్‌లో తెలిస్తే? మనకెందుకొచ్చిన ప్రాబ్లమ్?"

రాజ్యలక్ష్మిగారు మంచినీళ్ల నెపంతో నన్ను వంటింట్లోకి పిలిచారు. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మెల్లిగా చెప్పారు.

"మా బుజ్జిగాడు మొన్న చలికాలంలో మంచుమీద జారి రోడ్డుమధ్య పడ్డాడు. ఎదురుగా ట్రక్కు. ఆవిడ ట్రక్కుకి అడ్డంగా నిలబడింది తల్లీ. పిల్లాణ్ణి లేవనెత్తి, దులిపి, బళ్లో దింపి, సాయంత్రం నాకు ఫోన్ చేసి మరీ తిట్టింది, వాడికి సరైన బూట్లు కొనమని. నేను వేస్తాను. ఈయనకి చెప్పకు."

"ఆయన సిటిజెన్ కదా, ఆయనా వేస్తే..."

"ఆయన వెయ్యరు. గెలిచేదెవరో తెలిశాక వేద్దామని చూస్తుంటారు."

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకి ఒక మాట. హాల్లో విన్నది అభిప్రాయం. ఓటు సంగతి వంటింట్లో తెలుస్తుంది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపిస్తే లోపలికి వెళ్లండి.

చావులు

మెక్‌గ్రాడీ బలమంతా చావుల్లో ఉందని ఆర్నీ లెక్క. ఇక్కడ మనిషి పోతే ఫ్యునరల్ హోమ్‌లో శవాన్ని ఉంచుతారు. తెలిసినవాళ్లు వచ్చి, వరసలో నిలబడి, కుటుంబంలో ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, కాసేపు కబుర్లు చెప్పి వెళతారు. దాన్ని వేక్ అంటారు. మెక్‌గ్రాడీ ఒక్క వేక్ కూడా వదిలేవాడు కాదు. పోయిన ప్రతివారి గురించీ ఒక హాస్యకథ చెప్పేవాడు. అదే కథ, పేరు మార్చి.

"డాట్ కూడా వెళ్లాలి. తెలిసినవాళ్లందరివీ" అన్నాడు ఆర్నీ.

పేపర్లో చావుకబుర్ల పేజీ చదివి, డాట్‌కి తెలిసినవాళ్లని గుర్తించి, ఆవిణ్ణి కారులో తీసుకెళ్లడం నా వంతైంది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండే మనిషిని, రోజూ ఉదయం అదొక్కటే చదివేదాన్ని. ప్రతి వేక్ తరవాతా ఇంటికొచ్చి తలస్నానం చేసి గాని ఇంకో తలుపు తట్టేదాన్ని కాదు. శవాన్ని చూసొచ్చి అలాగే ఇంకొకరి ఇంట్లో అడుగుపెట్టడం నాకు మనసొప్పలేదు. మావారు తువ్వాలు అందిస్తూ, "ఈవేళెవరు?" అనేవారు. రెండు వారాలయ్యాక అడగడం మానేసి హెయిర్ డ్రయ్యర్ కొనిచ్చారు. ఆయన కూడా ఇప్పుడు లేరు.

డాట్‌కి వేక్‌లంటే భయం. హైవే మీద నోరెత్తితే ఆపలేని మనిషి, శవం దగ్గర మాట దొరక్క నిలబడిపోయేది. మొదటిదానికి వెళుతూ కారులో అడిగింది.

"మీవాళ్లు ఏం మాట్లాడతారు, ఇలాంటి చోట?"

"ఏమీ మాట్లాడం. వెళ్లి కాసేపు కూర్చుంటాం. మేమున్నామని వాళ్లకి తెలిస్తే చాలు."

"వచ్చేటప్పుడు?"

"ఏమీ చెప్పకుండా లేచి వచ్చేస్తాం. చావింట్లో వెళ్లొస్తామని అనకూడదు. మళ్లీ వస్తామంటే అలాంటి సందర్భం మళ్లీ రావాలని కోరుకున్నట్టు."

డాట్ ముఖం తేటపడింది. "ఎవరికీ బైబై చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఇంత మంచి పద్ధతి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం!"

ఆరోజు నుంచి డాట్ ప్రతి వేక్‌లోనూ నేరుగా వెళ్లి ఒక కుర్చీలో కూర్చునేది. చేతులు ఒళ్లో పెట్టుకుని శవపేటికకేసి చూసేది. కాసేపటికి లేచి, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచేది. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఎంత హుందాగా ఉందో అని మురిసిపోయేదాన్ని.

మూడు వారాలకు ఆర్నీ కొట్టు తలుపు ధడాలున వేసి లోపలికి వచ్చాడు.

"ఊళ్లో ఏమనుకుంటున్నారో తెలుసా? డాట్ చావులకి వచ్చి గూఢచారిలా కూర్చుంటోందట! పెట్టెలోకి తొంగి చూసి, పలక్కుండా మాయమవుతోందట! ఓటరు నిజంగా పోయాడో లేదో చెక్ చేసుకోవడానికి వస్తోందని మెక్‌గ్రాడీ జోకులేస్తున్నాడు. ఎవరు నేర్పారీవిద్య?"

డాట్ నావైపు వేలు చూపించింది. నేను మన పద్ధతి వివరించాను. ఆర్నీ విన్నాడు, టేబుల్‌మీద తల పెట్టాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నా జీవితంలో చాలా రకాలుగా ఓడాను. చావింటి మర్యాద వల్ల ఓడటం ఇదే మొదటిసారి" అన్నాడు.

ఆ శనివారం ఒక వృద్ధురాలు కొట్టుకి వచ్చింది. జోళ్లు తెచ్చిందేమోనని ఆర్నీ చెయ్యి చాచాడు. ఆవిడ చేతిలో ఏమీ లేదు. రెండు వారాల క్రితం భర్త పోయిన మనిషి. ఆ వేక్‌కి డాట్ వెళ్లింది.

"ఆ సాయంత్రం సెనేటర్ నా పక్కన నిలబడి మా మరిదితో గోల్ఫ్ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడొక్కతే కూర్చుని మా ఆయన్ని చూసింది. నా ఇంటిముందు పాతడానికి ఆవిడ పేరున్న బోర్డొకటి ఇవ్వండి. మా అక్కచెల్లెళ్లకీ తలా ఒకటి."

ఆవిడ వెళ్లాక ఆర్నీ, "ఎందరక్కచెల్లెళ్లో?" అన్నాడు.

దీనివల్ల మేం పోగొట్టుకున్నదెక్కువా, రాబట్టుకున్నదెక్కువా అని ఆ తరవాత చాలాసార్లు ఆలోచించాను. పోగొట్టుకున్నదే ఎక్కువ అనుకుంటాను. మన పద్ధతి మంచిదే. ఇంకొకరి ఇంట్లో, వాళ్ల దుఃఖంలో, వాళ్ల పద్ధతేమిటో ముందు కనుక్కోవాలి.

పెన్సిల్వేనియాలో పేరు

అప్పట్లో ఓటు వేసేది తెర వెనక, గోడంత ఇనప యంత్రం మీద. పేర్లన్నీ వరసలుగా ఉండేవి. పేరు దగ్గర చిన్న మీట. మీట నొక్కి, తెర తీసే పెద్ద పిడి లాగితే ఓటు పడేది. పార్టీ బలపరిచినవాళ్ల పేర్లన్నీ పైనుంచి కిందిదాకా ఒకే వరసలో పెట్టేవారు. దానికి లైన్ అని పేరు. ఎదురు తిరిగినవాళ్ల పేరు ఎక్కడో చివర, మధ్యలో ఖాళీ గళ్లు వదిలి. అధికారులు పంపిన నమూనా చూసి ఆర్నీ అన్నాడు:

"డాట్, నీ పేరు దొరికింది. పక్క రాష్ట్రంలో ఉంది, పెన్సిల్వేనియాలో."

ఇక మా ప్రచారంలో లైటు మాట వెనకబడింది. సెనేటు మాటా వెనకబడింది. అట్టమీద యంత్రం బొమ్మ గీసుకుని ఇంటింటికీ తీసుకెళ్లి, "కుడికి, ఇంకా కుడికి, ఇంకా..." అని ముసలివాళ్ల వేళ్లు పట్టుకుని నడిపించడమే పనైంది. ఆ లైన్ ఈమధ్యనే, ఆవిడ ఉండగానే ఎత్తేశారు. ఫోన్‌చేసి చెప్పాను. "ఇప్పుడా?" అంది డాట్.

ఎన్నికరోజు ఉదయం కూడా డాట్ డ్యూటీకి వెళ్లింది. పట్టీ భుజాన ఉండగా ఓటు అడగకూడదు కాబట్టి, కారుల్లోంచి "గుడ్ లక్ డాట్!" అన్నవాళ్లకి "గీత వెనక్కి!" అని మాత్రమే జవాబిచ్చింది.

నేను పోలింగు జరిగే బడి బయట, ప్రచారంవాళ్లు దాటకూడదని అధికారులు గీసిన హద్దు అవతల నిలబడ్డాను. సాయంత్రం రాజ్యలక్ష్మిగారు వచ్చారు. వెనకే సుబ్బారావుగారు.

"ఆయన కూడానా?" అని కళ్లతోనే అడిగాను.

"నన్ను డ్రైవ్ చెయ్యడానికొచ్చారు" అన్నారావిడ.

ఆవిడ లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక చెమట తుడుచుకుంటూ చెప్పారు. "అమ్మో, చివర గడి, అదీ పైన! నాకందలేదు. మునివేళ్లమీద లేచినా అందలేదు. లోపలున్నావిణ్ణి పిలిస్తే తెరలోకి రాకూడదంది. స్టూల్ అడిగితే ఎవరూ ఎప్పుడూ అడగలేదంది. చివరికి గొడుగుతో నొక్కాను."

"పడిందా?"

"టక్‌మంది."

కారు దగ్గరికి నడుస్తూ సుబ్బారావుగారు ఒక్క నిమిషం ఆగారు. మళ్లీ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లారు. ఎవరికి వేశారో ఈనాటికీ చెప్పలేదు. అది నా లెక్కలో విజయమే. గెలిచేదెవరో తెలియకుండానే వేశారు.

హాలు

ఎనిమిదింటికి పోలింగు ముగిసింది. యంత్రాల వెనక తలుపులు తెరిచి అంకెలు చదువుతుంటే మావాళ్లు ఒక్కో బూతు నుంచి ఫోన్ చేశారు. పాలిష్ వాసన మధ్య నలుగురం కూర్చుని రాసుకున్నాం. ఒక దశలో డాట్ ముందుంది. ఆ పది నిమిషాలూ ఆర్నీ ముఖంలో నిజంగా భయం చూశాను. గెలిస్తే ఏం చెయ్యాలో అతనికి తెలీదు.

చివరికి ఓడిపోయాం. తేడా ఒక స్కూలు బస్సులో పట్టేంతమంది.

డాట్ బూట్లు విప్పేసి కాళ్లు స్టూలుమీద పెట్టుకుంది. "పిల్లలు మళ్లీ సెప్టెంబరులో వస్తారు. ఆ రోడ్డు అలాగే ఉంటుంది" అంది. ఏడవలేదు. అరికాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది.

"బూట్లేసుకో" అన్నాడు ఆర్నీ. "ఆయన హాలుకి వెళ్లాలి. ఓడినవాళ్లు వెళ్లి చెయ్యి కలపాలి. అది పద్ధతి."

"ఆయనే వచ్చి కలపమను."

"డాట్, నేను చాలాసార్లు వెళ్లాను, అందుకే చెప్తున్నాను. నువ్వు చెయ్యి కలిపేదాకా ఆయన గెలిచినట్టు కాదు. నవంబరులో అవతలి పార్టీవాడు గట్టివాడు. నీకు వేసినవాళ్లు ఇంట్లో కూర్చుంటే బిల్ పోతాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఇప్పటినుంచి నువ్వు చెయ్యి వదిలేదాకా, ఈ ఊళ్లో నీకంటే బలమైన మనిషి లేరు. ఆ తరవాత నువ్వెవరో ఎవరికీ గుర్తుండదు."

డాట్ బూట్లేసుకుంది.

హాలు నిండా బెలూన్లు, బ్యాండు. మేం ముగ్గురం గుమ్మంలో కనిపించగానే బ్యాండు తగ్గింది. జనం దారిచ్చారు. ఇరవయ్యేళ్లు వాళ్లకి కాఫీ పోసిన మనిషి, ఎవరినీ చూడకుండా నేరుగా వేదిక ఎక్కింది. మెక్‌గ్రాడీ చేతులు చాచి ఎదురొచ్చాడు. ఫోటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు.

"డాట్! గొప్ప పోటీ ఇచ్చావు!" అని చెయ్యి చాచాడు.

డాట్ ఆ చేతిని పట్టుకుంది. రోజూ రోడ్డుమధ్య విదిలించుకుని పారిపోయే పిల్లల్ని పట్టుకునే చెయ్యి అది.

"ఎప్పుడు, బిల్?"

"తప్పకుండా మాట్లాడుకుందాం, డాట్. వచ్చే వారం ఆఫీసుకి రా." నవ్వుతూనే చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు.

"ఎప్పుడు?"

ఫ్లాష్ బల్బులు వెలిగాయి. ఇంకో ఫోటో. ఇంకోటి. పార్టీ ఛైర్మన్ చెమట తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు. "డాట్, డియర్, అందరూ చూస్తున్నారు..."

"చూడనియ్."

"బడి తెరిచేలోగా" అన్నాడు మెక్‌గ్రాడీ మెల్లిగా.

"నాకు చెప్పొద్దు. మైకులో చెప్పు."

ఆయన ఎడమచేత్తో మైకు అందుకోవలసి వచ్చింది. కుడిచెయ్యి ఖాళీ లేదు. హైవే మీద బడి దగ్గర సిగ్నల్ లైటు సెప్టెంబరులోగా వస్తుందని, అది తన స్వంత ఆలోచనేనని, చాలాకాలంగా తన మనసులో ఉందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. డాట్ కూడా చెయ్యి వదిలి, చప్పట్లు కొట్టింది.

లైటు సెప్టెంబరులో రాలేదు. అక్టోబరు చివర వచ్చింది, నవంబరు ఎన్నికకు వారం ముందు. డాట్ తనకు వేసినవాళ్లందరినీ వెళ్లి ఓటు వెయ్యమంది. మెక్‌గ్రాడీ గెలిచాడు. లైటు వచ్చాక కూడా కొన్నేళ్లు ఆవిడ పలక పట్టుకుని దాని కిందే నిలబడింది. ఆకుపచ్చ వెలిగినా, తను చెప్పేదాకా పిల్లలెవరూ కదలకూడదు. "దాన్ని పెట్టించింది బిల్. నమ్మకూడదు" అనేది.

ఆ తరవాత మావాళ్లు ఓడిన ప్రతి ప్రైమరీలోనూ, గెలుపోటములు తేలిన సాయంత్రం, ఓడిన మనిషికి బూట్లు తొడిగించి అవతలివాళ్ల హాలుకి తీసుకెళ్లాను. కొందరు ఏడ్చారు, కొందరు నన్ను తిట్టారు. కొందరు ఏదో ఒకటి సాధించుకొచ్చారు, ఒక బస్ స్టాపో, లైబ్రరీకి ఇంకో గదో, మూతపడబోతున్న ఆసుపత్రికి ఒక ఏడాది గడువో. చెయ్యి చేతిలో ఉండగా ఎదుటివాడు కాదనడం కష్టం. తరవాత హాలుకి వెళ్లే బదులు ఫోన్ చెయ్యడం మొదలైంది. ఇప్పుడు మెసేజ్ పంపుతారు, దానికి గెలిచినవాళ్లు మెసేజ్ పంపుతారు, రెండూ ముందే రాసి ఉంటాయి.

ఓడినవాళ్లు గెలిచినవాళ్ల హాలుకి ఇప్పుడు వెళ్లరు.